తవిటయ్య వేసిన తాళం

2024వ సంవత్సరం జనవరి 21వ తేదీ, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలు. టాటానగర్ మీద రాత్రి పట్టిన మంచు ఇంకా విడలేదు. బాగ్‌బేరా వీధిలో ఎదురుగా వచ్చే సైకిలు పది బారల దూరానికి చేరేదాకా కంటికి ఆనడం లేదు. రైల్వే యార్డులో ఇంజన్లు కనబడకుండానే కూతలు వేస్తున్నాయి. ఆ పూట తవిటయ్యను ఆయన ఇంటి అరుగు మీద కలుసుకున్నాను. అరవై నాలుగేళ్ళ మనిషి. మెడకు మఫ్లరు, కాళ్ళకు రైల్వేవారు ఏనాడో ఇచ్చిన బూట్లు. వెనుక ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. అంత చలిలోనూ దానిని మూయనివ్వడం లేదని ఆయన భార్య చిన్నమ్మి లోపలి నుంచి మొర పెట్టుకున్నది.

"ఏటి సెయ్యమంటారు బాబూ. నెల్లాళ్ళ నుంచీ ఇదే వరస. తలుపేత్తే ఊపిరాడదంటాడు. సలికి నా కాళ్ళు కొంకర్లు పోతన్నాయి."

తవిటయ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, డిసెంబరులో జరిగిన సంగతి మొదలుపెట్టాడు. ఆయన నోట విన్నదానిని, తరువాత మరి ఇద్దరిని అడిగి సరిచూసుకున్నదానిని ఇక్కడ వ్రాస్తున్నాను.

తవిటయ్య తండ్రి టెక్కలి ప్రాంతం నుంచి టాటానగర్ వచ్చి, రైలు పట్టాలు సవరించే గ్యాంగులో చేరాడు. కొడుకు కూడా అదే గ్యాంగులో పన్నెండేళ్ళు సుత్తి పట్టి, తరువాత గేట్‌మ్యాన్ అయ్యాడు. రోడ్డు పట్టాలను దాటే చోట, ఊరికి దూరంగా, ఒక చిన్న గదిలో పాతికేళ్ళు గడిపాడు. ఆ పనికి ఒక కట్టుబాటు ఉన్నది. రైలు బయలుదేరేముందు స్టేషన్ మాస్టరు ఫోను చేస్తాడు. గేటు వేసి, తాళం బిగించి, లాగి చూసి, గేట్‌మ్యాన్ తన దగ్గరి పుస్తకంలోని అంకెలలో వరుసగా ఒకటి చెబుతాడు. దానిని ప్రైవేట్ నంబరు అంటారు. ఆ అంకె నోటి నుంచి వెలువడిందంటే గేటు పడినట్టు మాట ఇచ్చినట్లే. ఆ తరువాత రైలు దాటేదాకా, ఎదుట దేవుడే నిలబడినా గేటు తెరవరాదు.

ఆ పాతికేళ్ళలో ఆయన ఒక్కసారి తెరిచాడు. 2004వ సంవత్సరం జూలై నెల, జోరున వాన. అంకె చెప్పి పది నిమిషాలైనా బండి జాడ లేదు. గేటు అవతల ఒక టెంపోలో నొప్పులు పడుతున్న స్త్రీ. ఆమె తల్లి దిగి వచ్చి ఈయన కాళ్ళు పట్టుకున్నది. తెరిచాడు. టెంపో పట్టాల మీదికి ఎక్కిన క్షణాన వానతెరలో నుంచి గూడ్సు బండి వచ్చింది. టెంపో వెనుక చక్రానికి, ఇంజనుకు మధ్య మూరెడు ఎడం మిగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ స్త్రీకి ఆసుపత్రిలో మగపిల్లవాడు పుట్టాడని కూడా తెలిసింది. డ్రైవరు ఫిర్యాదు వ్రాశాడు. తవిటయ్యకు చార్జిషీటు వచ్చింది. రెండేళ్ళు ఇంక్రిమెంటు ఆగింది. ఆయనను పట్టుకున్నది ఆ శిక్ష కాదు, ఆ మూరెడు. నాటి నుంచి ఏ తాళమైనా వేసిన తరువాత రెండుమార్లు లాగి చూడనిదే ఆయన చెయ్యి దానిని వదలదు. మూసి ఉన్నది మూసి ఉన్నంతసేపే మనుషులు క్షేమమని ఆయన నమ్మకం.

ఉద్యోగ విరమణ తరువాత ఇంట్లో కూర్చోలేక, బాగ్‌బేరాలోనే ఒక ప్రైవేటు పాఠశాలలో కావలి పనికి కుదిరాడు. కొడుకు హరికిరణ్ కూతురు రజని ఆ పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ప్రిన్సిపాలు సత్యప్రసాద్ ఒక రైల్వే గార్డు కొడుకు. చిన్ననాటి నుంచి తవిటయ్యను బాబాయ్ అని పిలిచేవాడు. చెడ్డవాడు కాడు. పాఠశాల నిలబడాలన్న ఆదుర్దా ఎక్కువ.

నవంబరు మూడవ వారంలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అర్ధ సంవత్సర పరీక్షలలో ఏ ఒక్క సబ్జెక్టు తప్పినవారైనా డిసెంబరు వార్షికోత్సవంలో నాట్యం చేయరాదని, కూర్చుని చూడరాదని కూడా సత్యప్రసాద్ ఒక నిబంధన చదివాడు. కిందటి ఏడు పదవ తరగతి తప్పిన ఆరుగురిలో అయిదుగురు నాట్య బృందంలోని వారేనని లెక్క చూపించాడు. చాలామంది తలలు ఊపారు. లెక్కలు చెప్పే ఉమామహేశ్వరి ఒక్కతే లేచి నిలబడింది. ఆ అయిదుగురు బడికి వచ్చినదే ఆ నాట్యం కోసమని, అది లేకపోతే వాళ్ళు లెక్కలు నేర్చుకోరు సరికదా, బడి గడపే తొక్కరని ఆమె అన్నది. పోనీ చేయనివ్వకపోయినా చూడనిస్తే ఏమి పోయిందని అడిగింది. వాదన పెరిగింది. అప్పుడు సత్యప్రసాద్ తలుపు దగ్గర నిలబడి ఉన్న తవిటయ్యను చూసి, నీ మనవరాలు కూడా ఇక్కడే చదువుతున్నది కదా బాబాయ్, నువ్వు చెప్పు, అన్నాడు.

"సిగ్నల్ పడందే బండి కదలకూడదు బాబూ," అన్నాడు తవిటయ్య. "పిల్లలకి మార్కులే సిగ్నల్."

సభ చప్పట్లు కొట్టింది. నాలుగవ నాడు నోటీసు బోర్డు మీద పద్నాలుగు పేర్లు అంటించారు. ఆరవ తరగతి పిల్లలు కూడా అందులో ఉన్నారు. పదకొండవ పేరు రజనిది. లెక్కలలో ముప్పైమూడు రావలసి ఉండగా ముప్పైఒకటి వచ్చాయి.

రజని దసరా వెళ్ళినప్పటి నుంచి నాగ్‌పురీ నాట్యం సాధన చేస్తున్నది. ఎర్ర అంచు తెల్లచీరలు కట్టి, నడుముల వెనుకగా చేతులు కలుపుకుని పన్నెండుమంది ఆడపిల్లలు ఒక్క వరుసగా కదిలే ఆట అది. వరుస కొసన నిలిచి అందరినీ నడిపించేది ఈ పిల్లే. పేరు తీసివేసిన నాడు ఏడవలేదు. చీరను మడిచి నాయనమ్మ చేతికి ఇచ్చి పడుకున్నది. ఆ ఏడవకపోవడమే తవిటయ్యను భయపెట్టింది. వారి ఇంటికి నాలుగు వందల గజాల దూరాన పట్టాలు. పరీక్షల రోజులలో పట్టాల పక్కన దొరికిన పిల్లల సంచులను ఆయన తన కొలువులో రెండుసార్లు చూసి ఉన్నాడు. ఆ వారమంతా మనవరాలు పెరట్లోకి వెళ్ళినా వెనుకనే వెళ్ళాడు. చిన్నమ్మి మాత్రం మొగుణ్ణి ఉతికి ఆరేసింది.

"రెండు మార్కులకి పిల్ల నోరు కొట్టీసినావు. నువ్వు ఏ కలాసు సదివినావేటి, పెద్ద సిగ్నల్ సెప్పొచ్చినావు."

తవిటయ్య సత్యప్రసాద్ దగ్గరకు వెళ్ళాడు. మనవరాలిని ఆడనివ్వమని అడగడానికి కాదు. చప్పట్లు కొట్టించుకున్న నోటితో ఆ మాట ఎలా అడగగలడు? ఆ పద్నాలుగుమందిని ఉత్సవం నాడు విడిచిపెడితే ఎటు పోతారో, పెద్దల కన్ను పడేచోటనే ఉంచమని బతిమాలాడు. సత్యప్రసాద్‌కు వేరే భయం. వారిలో ఒక్కడు తప్పించుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నా, నిబంధన అందరికీ ఒకటి కాదని తల్లిదండ్రులు నిలదీస్తారు. ఇద్దరి భయాలు కలిసి ఒక ఏర్పాటు చేశాయి. పిల్లలను కింది అంతస్తులో మూల గదిలో కూర్చోబెట్టి ప్రశ్నపత్రం ఇస్తారు, బయట తాళం, తాళంచెవి తవిటయ్య దగ్గర.

డిసెంబరు 16, శనివారం. ఉత్సవం నాలుగు గంటలకు. ఆ ఉదయం రజని తాత ముఖం చూడకుండా, తాళం వేసినా తాను బయటికి వచ్చితీరుతానని హిందీలో అన్నది. తవిటయ్య దానిని గుర్తు పెట్టుకున్నాడు.

మూల గదికి మైదానం వైపు మూడు కిటికీలు ఉన్నవి. వేదికను ఆ గోడకే ఆనించి కట్టారు కనుక, వేదిక వెనుక నిలిపిన ప్లైవుడ్డు పలకలు ఆ మూడింటినీ కప్పివేశాయి. పక్క సందులోకి, మనిషి ఎత్తుకు కాస్త పైన, అద్దం పగిలిన వెంటిలేటరు ఒకటి ఉన్నది. తలుపు వెనుక వరండాలోకి. పిల్లలకు వేదిక కనబడదు. గోడ అవతలే కనుక పాటలో ప్రతి దరువూ, ప్రతి చప్పట్ల మోతా వినబడతాయి. నాలుగు గంటలకు పద్నాలుగుమందినీ లోపలికి పంపి, తాళం నొక్కి, రెండుమార్లు లాగి చూసి, తవిటయ్య సత్యప్రసాద్‌కు ఫోను చేశాడు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"గేట్ క్లోజ్ బాబూ. నంబర్ నలభై ఏడు."

సత్యప్రసాద్ నవ్వి, ఉత్సవం అయ్యాక తానే ఫోను చేస్తానని, అప్పటిదాకా తెరవవద్దని చెప్పాడు.

అయిదుంబావుకు కరెంటు పోయింది. బాగ్‌బేరాలో అది వింత కాదు. అద్దెకు తెచ్చిన డీజిల్ జనరేటరును ముందుగా మైదానం చివర పెట్టారు. తీగ చాలకపోవడంతో నలుగురు దానిని నెట్టుకువచ్చి పక్క సందులో నిలిపారు. పొగగొట్టం ఏ వైపు తిరిగి ఉన్నదో ఎవరూ చూడలేదు. వెంటిలేటరు దానికి రెండడుగుల మీదనే ఉన్నది. దీపాలు వెలిగాయి. పాట తిరిగి మొదలైంది. తవిటయ్య వరండాలో ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. డీజిలు వాసన ఆయనకూ తగిలింది. పాతికేళ్ళు ఇంజన్ల పక్కన బతికినవాడికి ఆ వాసన ఒక లెక్కలోనిది కాదు.

అయిదున్నర దాటిన తరువాత తలుపు కొట్టిన చప్పుడైంది. నీళ్ళు కావాలా అని అడిగాడు. ఘాటుగా ఉన్నది, కళ్ళు మండుతున్నాయని ఎవరో అన్నారు. మైదానమంతా అలాగే ఉన్నదని, కదలకుండా వ్రాసుకోమని కసిరాడు. మళ్ళీ కొట్టారు. ఈసారి రజని గొంతు.

"తాతా, దర్వాజా ఖోలో. ఛోటే బచ్చే ఉల్టీ కర్ రహే హైఁ."

తలుపు తెరవమని, చిన్నపిల్లలు వాంతులు చేసుకుంటున్నారని. సరిగ్గా ఆ క్షణాన గోడ అవతల మాందల్ డోలు మోగింది. నాగ్‌పురీ నాట్యం మొదలవుతున్నది. తవిటయ్య గుండె గట్టిపడింది. ఉదయం మనవరాలు అన్న మాట ఇదే కదా అనుకున్నాడు. తెరిస్తే బాణంలా వేదిక మీదికి పరుగెడుతుంది. తాను నలుగురిలో చెప్పిన మాట, ఫోనులో చెప్పిన అంకె, రెండూ గంగలో కలుస్తాయి. అయినప్పటికీ లేచి సత్యప్రసాద్‌కు ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. వేదిక ముందు అతిథుల మధ్య కూర్చున్నవాడికి ఆ డోలు హోరులో జేబులోని ఫోను ఎలా వినబడుతుంది? వెళ్ళి పిలుద్దామని వరండా చివరిదాకా నడిచాడు. తాళం వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పక వెనుదిరిగాడు. ఇలా రెండుమార్లు. తెరిస్తే ఏమి మీద పడుతుందో తెలియదు; తెరవకపోతే ఏమి జరుగుతుందో అదీ తెలియదు. ఇరవై ఏళ్ళ కిందటి వాన చెవులలో హోరుమన్నదని ఆయన నాతో అన్నాడు.

మూడవసారి ఫోను చెవిన పెట్టుకుని ఉండగా తలుపు సందులో నుంచి రజని మళ్ళీ మాట్లాడింది. గొంతు తడబడుతున్నది. ఈసారి హిందీ కాదు. నాయనమ్మ దగ్గర తప్ప మరెక్కడా మాట్లాడని మాట.

"తాతా, నాను డాన్సుకి ఎల్లను. నన్నిక్కడే ఉంచి తాళమేసీ. ఈళ్ళని బయటికి తీసీ తాతా."

తరువాత చప్పుడు లేదు. తవిటయ్య పిలిచాడు. కొట్టాడు. లోపలి నుంచి ఎవరూ తిరిగి కొట్టలేదు. గోడ అవతల జనం చప్పట్లు కొడుతున్నారు. అంతవరకు పడిన భయమంతా ఆ నిశ్శబ్దం ముందు ఒక భయమే కాదని ఆయన అన్నాడు.

తాళంచెవి పెట్టి తిప్పాడు. తాళం విడింది. అప్పుడు ఆ చెయ్యి ఒక పని చేసింది. విడిన తాళాన్ని కొక్కెం నుంచి తీయడానికి మారుగా, పాతికేళ్ళ అలవాటు చొప్పున, దానిని నొక్కి, రెండుమార్లు లాగి చూసింది. తాళం తిరిగి బిగిసిపోయింది. తన చెయ్యి ఏమి చేసినదో ఆయనకు తెలియడానికి కొంతసేపు పట్టింది. తెలిసిన తరువాత తాళంచెవి రంధ్రంలోకి పోలేదు. ఎడమచేతితో కుడి మణికట్టును పట్టుకుని, పసివాడి చేత అక్షరం దిద్దించినట్టు, దానిని నడిపించి రెండవసారి తీశాడు.

పొగ ముఖాన కొట్టింది. గడప దగ్గరే ఇద్దరు చిన్నపిల్లలు పడి ఉన్నారు. బల్లల మీద తలలు వాల్చినవారు కొందరు, నిద్రపోతున్నట్టు. తవిటయ్య ఒకణ్ణి భుజాన వేసుకుని, ఒకణ్ణి చెయ్యి పట్టి ఈడ్చుకుని వరండాలోకి చేర్చి కేక వేశాడు. వేదిక పక్కన పిల్లలకు చీరలు సవరిస్తున్న ఉమామహేశ్వరి వచ్చి చూసి, ముందుగా సందులోకి పరుగెత్తి జనరేటరు ఆపించింది. దీపాలు ఆరిపోయాయి, పాట ఆగింది, అప్పుడు గాని జనానికి తెలియలేదు. చీకటి పడిన గదిలో ఆయన, ఆమె, తరువాత వచ్చిన నలుగురైదుగురు పిల్లలను ఒక్కొక్కరినీ మోసుకువచ్చి వరండాలో పడుకోబెట్టారు. తవిటయ్య లెక్కపెట్టాడు. పదముగ్గురు కాదు, పదమూడుమంది. మళ్ళీ లెక్కపెట్టాడు.

పద్నాలుగవది రజని. వెంటిలేటరు కింద రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నవి. పగిలిన అద్దంలోకి తన చున్నీని కుక్కినది; సగం లోపలికి వేలాడుతున్నది. దానిని మళ్ళీ కుక్కడానికే తలుపు దగ్గరి నుంచి వెనక్కి వెళ్ళినట్టున్నది. ఆ పిల్ల బల్లల వెనుక, గోడకు ఆనుకుని, తల ఛాతీ మీదికి వాలి ఉన్నది. ఎన్నిమార్లు గదిలోకి వెళ్ళి వచ్చినా, బల్లల చాటున ఉన్నందున ఆమె కనబడలేదు. ఆమెను దాటి పోయి ఇంకొకరిని ఎత్తుకువచ్చానని తవిటయ్య నాతో మూడుసార్లు చెప్పాడు.

ఆసుపత్రిలో ఆ రాత్రి అందరికీ ఆక్సిజను పెట్టారు. పన్నెండుమంది తెల్లవారేసరికి లేచి కూర్చున్నారు. ఒక ఆరవ తరగతి పిల్లవాడు, రజని లేవలేదు. సత్యప్రసాద్ వరండాలో నేల మీద కూర్చుని, ఫోను చూసుకోలేదు బాబాయ్ అని ఏడ్చాడు. చిన్నమ్మి మొగుడికి వీపు పెట్టి, రజని మంచం పక్కనే కూర్చున్నది. అంతకంటే ఆమె తిట్టినా బాగుండేదట.

"నీ ఫోను కోసరం ఆగలేదు బాబూ," అన్నాడు తవిటయ్య సత్యప్రసాద్‌తో. "తెరిత్తే ఏటవుద్దో అని ఆగినాను. ఆ పాప ముందే సెప్పింది. నాను నమ్మలేదు."

మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు రజని కళ్ళు తెరిచి, దప్పిక అన్నది.

తరువాత జరిగినది ఇది. పద్నాలుగుమందిలో ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. ఆరవ తరగతి పిల్లవాడు నాలుగవ నాడు, రజని అయిదవ నాడు ఇంటికి వచ్చారు. జనవరి సమావేశంలో తవిటయ్య లేచి, నవంబరులో తాను అన్న మాట సమావేశం పుస్తకంలో ఎక్కి ఉంటే కొట్టివేయమని కోరాడు. అది ఎక్కలేదని తేలింది. నిబంధనను పూర్తిగా ఎత్తివేయడానికి తల్లిదండ్రులలో సగంమంది ఒప్పుకోలేదు. చివరకు, మార్కులు తక్కువైనవారు నాట్యం చేయవచ్చునని, సాధన జరిగే నెలలలో ఉదయం ఒక గంట ముందుగా వచ్చి లెక్కలు చెప్పించుకోవాలని నిర్ణయించారు. ఆ గంట ఉమామహేశ్వరి తీసుకున్నది. సత్యప్రసాద్ మీద విచారణ జరిగింది, హెచ్చరికతో ముగిసింది. ఆయన ఇంకా ప్రిన్సిపాలుగానే ఉన్నాడు. తవిటయ్య ఫిబ్రవరి మొదటి తేదీన కావలి పని మానుకున్నాడు. రజనికి తలనొప్పి మార్చి దాకా వస్తూ పోతూ ఉన్నది. తొమ్మిదవ తరగతి లెక్కలలో ముప్పైఎనిమిది, పదవ తరగతిలో నలభైనాలుగు వచ్చాయి. 2024 డిసెంబరు వార్షికోత్సవంలో ఆమె పేరు అడిగారు. తాను ఆడనని, చూడడానికి మాత్రం వస్తానని చెప్పి, వచ్చి, వెనుక వరుసలో చిన్నమ్మి పక్కన కూర్చున్నది. ఇది వ్రాసేనాటికి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్నది.